దరఖాస్తు బాబాయి, పద్నాలుగు పేజీల నొప్పి

మా ఆఫీసులో దరఖాస్తు బాబాయిగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ ఫారమైనా సరే, ముందు తాను నింపి చూస్తే గానీ అచ్చుకి పోనిచ్చేవారు కాదు. నింపడమంటే మీరూ నేనూ నింపినట్టు కాదు. ఆ ఫారం ఎవరి కోసమో, అచ్చం వాళ్ళయిపోయి నింపాలి.

మాది ఆరోగ్యశాఖలో ఫారాలు తయారుచేసే విభాగం. ఆయన పెద్ద గుమాస్తా, నేను టైపిస్టుని. ఐదేళ్ళుగా ఎదురెదురు బల్లలు కాబట్టి ఆయన వేషాలన్నీ నేను ముందు వరసలో కూర్చుని చూశాను. కంటి ఆపరేషను ఫారం వచ్చిన రోజు కళ్ళజోడు తీసేసి రాశారు. తండ్రి పేరు ఉండాల్సిన చోట వీధి పేరు పడింది. మర్నాటికల్లా ఆ ఫారంలో అక్షరాలు రెండింతలయ్యాయి. మరణ ధ్రువపత్రం ఫారానికైతే ఇంటి నుంచి రెండు ఉల్లిపాయలు తెచ్చుకుని, తరిగి, కళ్ళు ధారాపాతంగా కారుతుండగా నింపారు. ఏడుస్తున్న మనిషికి అంత చిన్న గళ్ళు కనిపించవని తేల్చి, ఏడు గళ్ళు కొట్టేశారు.

గర్భిణుల సాయం ఫారం నాడు చొక్కా లోపల తలగడ కట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు వచ్చి కాసేపు ఆ తలగడ వంక చూశారు.

"ఎన్నో నెల?"

"ఏడండీ. వంగి రాయడం కుదరట్లేదు. ఫారంతో పాటు ఒక అట్ట కూడా ఇప్పిద్దామండీ."

డైరెక్టరుగారు తల పట్టుకుని వెళ్ళిపోయారు గానీ, మరుసటి వారానికి కౌంటర్లన్నిటికీ అట్టలు వచ్చాయి.

ఇది చాలదన్నట్టు ఆయనకి ఇంకో చాదస్తం ఉండేది. నేను చేరిన మొదటి నెల నుంచీ, నాలుగు పేజీలు దాటిన ఫారం ఏదొచ్చినా నా బల్ల మీద నుంచి లాక్కుపోయి తానే టైపు చేసేవారు. ఒంటివేలితో, రోజంతా. ఎందుకండీ అంటే, టైపు చేస్తే గానీ ఫారం మనసు తెలియదనేవారు. ఆఫీసంతా నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు, లోపల్లోపల దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఎందుకంటే నాకు ఒళ్ళంతా నొప్పి. మెడ, భుజాలు, నడుము, వేళ్ళు, అన్నీ. ఎంత నిద్రపోయినా నిద్ర తీరదు. అప్పటికి ఆరేళ్ళుగా పరీక్షలు చేయించుకుంటున్నాను. రక్తం బాగుంది, ఎక్స్‌రే బాగుంది, నేను తప్ప అంతా బాగుంది. ఒక డాక్టరు కాస్త నవ్వుతూ ఉండమన్నాడు. చివరికి వయసు మళ్ళిన ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని, ఒళ్ళు తాకి చూసి, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పింది. దీనికి వైద్యం తెలిసినవాళ్ళు మన చుట్టుపక్కల లేరని కూడా ఆవిడే చెప్పింది. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పని మెల్లగా చేస్తుందంటే పడొచ్చు, వంక పెడుతోందంటే పడలేను.

అలాంటిది, ఒక రోజు ప్రభుత్వ ఉత్తర్వు నా బల్ల మీదకే వచ్చింది. రోగులు ఏళ్ళ తరబడి పెట్టుకున్న అర్జీలు ఫలించాయి. ప్రతి ఆసుపత్రిలో ఈ జబ్బు గురించి పోస్టర్లు, డాక్టర్లకి శిక్షణ, పెద్దాసుపత్రిలో ప్రత్యేక క్లినిక్కు. అక్కడ మందులిచ్చేవారూ, వ్యాయామం నేర్పేవారూ, మనసు విప్పి మాట్లాడించేవారూ ఉంటారు. మొదటి విడతలో రెండు వందల మందికి చోటు. ఉత్తర్వు మూడుసార్లు చదివాను. ఆ రెండు వందల్లో నేనొకదాన్ని కావాలి. అంతకు మించి ఆ క్షణాన నాకే కోరికా లేదు.

మర్నాడు నిపుణుల కమిటీ తయారుచేసిన దరఖాస్తు వచ్చింది. పద్నాలుగు పేజీలు. ముప్ఫై ఒకటో అంశం దగ్గర ఆగిపోయాను. జబ్బు ఉన్నట్టు నిరూపించే పరీక్ష రిపోర్టు జతచేయాలట, లేకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారట. నా రిపోర్టులన్నీ ఏ జబ్బూ లేదనే చెబుతాయి. ఆ మాట పైకి అనాలంటే నా సంగతి బయటపెట్టుకోవాలి. నోరు మూసుకుని ఊరుకున్నాను.

బాబాయిగారికి మాత్రం చిక్కొచ్చి పడింది. తలగడ కట్టుకోవచ్చు, కళ్ళజోడు తీసేయొచ్చు. నొప్పిని ఎలా తగిలించుకోవడం? రెండు రోజులు బుర్ర గోక్కుని, మూడో రోజు భుజాలకీ మోచేతులకీ నడుముకీ మోకాళ్ళకీ ఇసుక మూటలు కట్టుకుని ఆఫీసుకొచ్చారు. వాళ్ళావిడ రాత్రంతా కూర్చుని కుట్టిందట. మూడు రోజులు విప్పనని శపథం పట్టారు. ఆయన మెట్లెక్కుతుంటే బీరువా పైకి మోస్తున్నారనుకుని పక్క గదివాళ్ళు తలుపు తీసి చూశారు.

మొదటి రోజు నాలుగు పేజీలు నింపారు. రెండో రోజు రెండు. మూడో రోజు ఎవరు పలకరించినా కసురుకున్నారు. తొమ్మిదో పేజీలో 'నొప్పి ఎక్కడ? ఒక్క గడిలో మాత్రమే టిక్కు పెట్టండి' అని ఉంటే పెన్ను విసిరికొట్టారు. ముప్ఫై ఒకటో అంశానికి వచ్చేసరికి ఆ మూటలతోనే పెద్దాసుపత్రి ల్యాబుకి వెళ్ళి, ఆ పరీక్ష చేయమని అడిగారు. అలాంటి పరీక్షే లేదంది అక్కడి అమ్మాయి.

బాబాయిగారు తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్ళారు. వెనకాలే కాగితాలు పట్టుకుని నేను. కమిటీలో ఎనిమిది మంది సంతకాలు పెట్టారనీ, సోమవారం మంత్రిగారొచ్చి క్లినిక్కు తెరుస్తారనీ, ఇప్పుడు కామా కూడా మార్చేది లేదనీ డైరెక్టరుగారు ఒంటికాలి మీద లేచారు. బాబాయిగారు చీమ కుట్టినట్టయినా లేకుండా తన మూటలు ఒక్కొక్కటే విప్పి, ఒక్క గంట ఇవి కట్టుకుని మీరు నింపి చూడండి, ఆ తర్వాత నేను నోరెత్తితే ఒట్టు అన్నారు. ఆయన పోరు పడలేక డైరెక్టరుగారు చేతులు చాపారు.

ఐదో పేజీలో డైరెక్టరుగారికి చెమటలు పట్టాయి. ఏడో పేజీలో సొంత పేరు తప్పు రాశారు. తొమ్మిదో పేజీలో గళ్ళన్నిటికీ టిక్కులు పెట్టేశారు. చివరికి తలెత్తి, ఈ రిపోర్టు ఎక్కడిస్తారని అడిగారు.

"ఎక్కడా ఇవ్వరండీ. డాక్టరు కూర్చోబెట్టి అడిగి, చెయ్యేసి చూసి చెప్పాల్సిందే. ఈ షరతు ఉంచితే మంత్రిగారు తలుపు తెరుస్తారు గానీ లోపలికొచ్చే రోగి ఒక్కరూ ఉండరు."

డైరెక్టరుగారు పెన్నుకి మూత పెట్టేశారు.

"ముందీ మూటలు విప్పవయ్యా. కమిటీవాళ్ళకి నేను ఫోను చేస్తాను."

సాయంత్రానికి పద్నాలుగు పేజీలు ఒక్క కాగితమయ్యాయి. షరతు పోయింది. నొప్పి ఎక్కడని అడిగే గళ్ళ స్థానంలో ముందు నుంచీ వెనక నుంచీ మనిషి బొమ్మలు రెండు వచ్చాయి. నొప్పి ఉన్న చోటల్లా పెన్నుతో దిద్దుకోవచ్చు. ఆ కాగితం టైపు చేయబోతుంటే బాబాయిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండమ్మా, నేను చేస్తాను. నేనంటే మూడు రోజులకి విప్పేశాను. నువ్వు విప్పలేవు కదా."

మీకెలా తెలుసని అడిగాను.

"మంచినీళ్ళ సీసా మూత తలుపు సందులో పెట్టి తిప్పుతావు. ఎదురుగా కూర్చున్నవాణ్ణి, కనపడదా?"

"మరి టైపు చేస్తే గానీ ఫారం మనసు తెలియదనేవారు?"

"నాలుగు పేజీల్లోపు ఫారాలకి మనసుండదా ఏమిటి, పిచ్చిమొహమా."

ముందు ఒళ్ళు మండింది. ఐదేళ్ళు అంత జాగ్రత్తగా దాచుకున్నది ఆయన మొదటి నెలలోనే పట్టేశారు. తర్వాత అయ్యో అనిపించింది, ఒంటివేలితో ఆయన కొట్టిన పేజీలన్నీ తలుచుకుంటే. ఆ తర్వాత ప్రాణం తేలికపడింది. ఆయన్ని చూస్తే చెప్పలేనంత ఇష్టం వేసింది.

ప్రింటరు నుంచి వచ్చిన మొదటి కాపీ తెచ్చి, పెన్నుతో సహా నా ముందు పెట్టారు. దీనికి వేషం అక్కర్లేని మనిషి కావాలి, నువ్వే నింపి చూడమన్నారు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. లోకంలో ఏ ఫారమైనా తలదూర్చి చదివే ఆ మనిషి గబుక్కున లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

అయిందా అని మాత్రం మూడుసార్లు అడిగారు.