మిషన్ ముఖాన బొట్టు

మా ఇంట్లో ఆయుధ పూజ దేవుడి గూటి దగ్గర కాదు, మగ్గం దగ్గర జరిగేది. ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆ రోజు మాత్రం మగ్గం ఆగేది. మా అవ్వ పొద్దున్నే తలకు పోసుకుని మగ్గానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టేది. నేతలో దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె కూడా ఆ పూట పీట మీద తీరిగ్గా కూర్చునేది. దానికి బొట్టు పెట్టే పని నాది. "అన్నం పెట్టేదాని ముఖాన బొట్టు లేకుంటే ఎట్లమ్మీ? ముఖం యాడుండాదో చూసి పెట్టు," అనేది అవ్వ. నాడెకు ముఖం ఎక్కడుందో వెతకడం నాకు ఆటగా ఉండేది. ఆ అలవాటే పెద్దయ్యాక నా కొంప ముంచింది.

మరమగ్గాలు వచ్చాక మా మగ్గం విప్పేశారు. దాని కొయ్యలు కొన్నాళ్లు మా ఇంట్లో నీళ్లు కాగడానికి పనికొచ్చాయి. తర్వాత నన్ను పెనుకొండకు ఇచ్చారు. అక్కడి నుంచి రోజూ కంపెనీ బస్సెక్కి హిందూపురంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీకి పోయేదాన్ని. మొదట మిషన్ మీద కుట్టాను. నడుము పట్టేశాక చెకింగ్ టేబుల్‌కు మార్చారు. కుట్టిన చొక్కాను ట్యూబులైటు కింద పరిచి, మరక ఉందా, కుట్టు తప్పిందా, కాలరు వంకర పోయిందా చూసి, తప్పున్న చోట ఎర్ర స్టిక్కర్ అంటించడం పని. ఆ పని నాకు చాలా ఇష్టం. చొక్కా మీద చెయ్యి ఆనించగానే తప్పు తెలిసిపోయే రోజులుండేవి. ఆ టేబుల్ దగ్గర చోటు పోతే ఈ నడుముతో మళ్లీ కుట్టలేను. ఈ వయసులో కొత్త పనికి పిలిచేవాళ్లూ ఎవరూ లేరు. అందుకే ఆ చోటంటే నాకు అంత భయం, అంత ప్రేమ.

ఒకసారి మా టేబుల్ పైన కెమెరా ఒకటి బిగించారు. మేము దొంగతనం చేస్తామేమోనని అనుకున్నాం. కాదట, స్టిక్కర్ ఎక్కడ అంటిస్తున్నామో అది చూసి నేర్చుకుంటుందట. కొన్ని నెలలు మా చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత అసలు మిషన్ దిగింది. బీరువా అంత ఉంది, మధ్యలో గుండ్రటి అద్దం, అదే దాని కన్ను. చొక్కా దాని కిందికి పోతే తప్పున్న చోట తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. చదువు చెప్పినవాళ్లకు ఎవరైనా గురుదక్షిణ ఇస్తారు. మా శిష్యురాలు వస్తూనే మా టేబుల్ అడిగింది.

బెంగళూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చి మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. సగం కన్నడం, సగం తెలుగు. రాబోయే కాలంలో పని అంతా ఇలాగే ఉంటుందని, మనమంతా సిద్ధం కావాలని చెప్పాడు. నేను లేచి, "మా పని పోతాదా సార్?" అని అడిగాను. ఆయన నవ్వి, "పని పోదమ్మా, మారుతుంది అంతే," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆయన చెప్పింది అబద్ధం కాదని తర్వాత నాకు బాగా అర్థమైంది.

ఆ ఏడు ఆయుధ పూజకు ఫ్యాక్టరీ అంతా కడిగారు. ప్రతి కుట్టు మిషన్‌కూ బంతిపూలు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ, అందరికీ బొరుగులు, పప్పులు, బెల్లం. నా కత్తెరకు నేను బొట్టు పెట్టుకున్నాను. అప్పుడా ఆఫీసరు ఫోను పట్టుకుని వచ్చి, కొత్త మిషన్‌కు ఆడవాళ్ల చేత పూజ చేయిస్తే ఫోటో బాగుంటుందన్నాడు. పెద్దదాన్నని నన్ను ముందుకు తోశారు. పసుపు, కుంకుమ ఉన్న పళ్లెం పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. నా పొట్ట కొట్టడానికి వచ్చిందే అయినా, వచ్చింది కదా, ఇక్కడ అన్నం పెట్టేది ఇకమీద ఇదే కదా అనిపించింది. ముఖం ఎక్కడుందా అని చూశాను. గుండ్రటి అద్దం తప్ప ఇంకేముంది? దాని నడిమధ్య పసుపు రాసి, ఇంత కుంకుమ పెట్టాను. "ఇంకోసారి పెట్టమ్మా, సరిగ్గా పడలేదు," అన్నాడు ఆఫీసరు. ఇంకోసారి పెట్టాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకిప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

సెలవు ముగిసి పని మొదలైన పొద్దున మిషన్ ఏ చొక్కానూ వదల్లేదు. ప్రతిదానికీ మరకే. పూలు, కుంకుమ తీసి శుభ్రం చేసినవాళ్లు అద్దం మీద పైపైన బట్ట లాగినట్టున్నారు. మరక పలచబడి అంతటా పాకింది. మేము చొక్కాలు లైటు కింద పెట్టి చూస్తే మల్లెపూవుల్లా ఉన్నాయి. సూపర్‌వైజర్ వినలేదు. కుర్రవాడు, వాడికీ పైవాళ్ల భయం.

"మరక లేదు సార్, మీరే చూడండి," అంది నా పక్కన పని చేసే చిలమత్తూరు ఆమె.

"మిషన్ ఉండాదంటాంది కదక్కా. మీకు కనపడకుంటే అది మీ కండ్ల తప్పు. కడగండి."

కడిగాం. లేని మరకను మందు పెట్టి బ్రష్షుతో రుద్దాం. చిలమత్తూరు ఆమె రుద్దుతూనే, "ఏమక్కా, ఇంత తెల్లటి మరక నేనెప్పుడూ చూడలేదు," అంది. నవ్వు ఆపుకోలేక చచ్చాం. ఆ ఫ్యాక్టరీలో నేను మనసారా నవ్వింది అదే ఆఖరు. కడిగి తెచ్చిన చొక్కాలను కూడా మిషన్ తిప్పికొట్టింది.

మధ్యాహ్నానికి బెంగళూరు నుంచి ఇంజనీరు వచ్చాడు. అద్దం మీద వేలు పెట్టి గీశాడు. వేలు ఎర్రగా అయింది. సూపర్‌వైజర్ మా వైపు తిరిగాడు.

"ఎవురక్కా ఈ పని చేసింది?"

"నేనే సార్. పూజ చేసినా."

"అద్దం మీద బొట్టేందక్కా?"

"ఇంగ్యాడ పెట్టాల సార్? దానికుండే ముఖం అదే కదా."

ఎవరూ నవ్వలేదు. ఇంజనీరుతో పాటు వచ్చిన ఆఫీసరు అక్కడే ఉన్నాడు, తేలు కుట్టిన దొంగలా. ఇంకోసారి పెట్టమన్నది ఈయనే అని అందరి ముందూ చెప్పాను. ఆయన ఫోను చూసుకున్నాడు. కావాలనే మిషన్ చెడగొట్టానని తేల్చారు. సాక్ష్యం ఏమిటంటే ఆయన తీసిన ఫోటోనే. అందులో పళ్లెంతో నేనున్నాను, అద్దం మీద నా వేలుంది. ఆయన లేడు. తీసినవాడు ఫోటోలో ఎందుకుంటాడు? నన్ను ఆ వారమే పంపేశారు. మిగతా చెకింగ్ ఆడవాళ్లను కూడా తర్వాత ఒక్కొక్కరినే పంపారు. వాళ్లెవరూ ఏ మిషన్‌కూ బొట్టు పెట్టలేదు. నా మీద తప్పు మోపారన్న కోపం కంటే, తప్పు చేయనివాళ్లకూ అదే గతి పట్టిందన్నది నన్ను ఎక్కువ మండించింది.

కొన్నాళ్లకు సూపర్‌వైజరే ఫోను చేశాడు. "అక్కా, పనుండాది, వస్తావా? కాంట్రాక్టరు కింద." ఫ్యాక్టరీలో దారం దుమ్ము ఊరికే ఉండదు. అది అద్దం మీద పడితే మిషన్ మళ్లీ తప్పులు చూపిస్తోందట. ఎవరి చొక్కా మీద మరకైనా చూపిస్తుంది గానీ తన కన్ను తాను తుడుచుకోలేదు పాపం. నేను వెళ్లాను. వెళ్లక ఏం చేస్తాను? మెత్తటి గుడ్డ ఒకటి ఇచ్చారు. రోజంతా మిషన్ పక్కన నిలబడి, గంట కొట్టినప్పుడల్లా అద్దం తుడవడం పని. దాని కింద నుంచి చొక్కాలు పోతుంటాయి. వాటిని నేను ముట్టకూడదు. ఒకసారి కాలరు వంకర పోయిన చొక్కా దర్జాగా దాటిపోయింది. చెయ్యి ముందుకు పోబోతే వెనక్కి లాక్కున్నాను. మాటవరసకు కూడా ఎవరికీ చెప్పలేదు.

పని పోదు, మారుతుంది అన్నాడు కదా. మారింది.

మొన్న మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. కంపెనీవాళ్లు నన్ను ముందే పిలిచి, ఎవరూ అద్దం మీద బొట్టు పెట్టకుండా చూసుకోమన్నారు. కుట్టు మిషన్ల దగ్గరుండే ఒక కొత్త పిల్ల కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. "యాడ పెట్టాలక్కా?" అని అడిగింది. "ఈడొద్దు తల్లీ. వెనక పక్క పెట్టు," అన్నాను. ఆ పిల్ల వెనక పెట్టి, భరిణె నా చేతికిచ్చి పోయింది.

అందరూ తమ తమ పనిముట్లకు బొట్టు పెట్టుకుంటున్నారు. మా అవ్వ మాట గుర్తొచ్చింది. నా చేతిలో ఇప్పుడున్న పనిముట్టు ఆ గుడ్డ ఒక్కటే. దాన్ని మడిచి టేబుల్ మీద పెట్టి, కుంకుమలో వేలు ముంచాను. అంతలో గంట కొట్టారు. పూజ రోజైనా ఆ గుడ్డతో అద్దం తుడవాలి. దానికి బొట్టు పెడితే ఆ ఎరుపు మళ్లీ అద్దానికే అంటుతుంది. వేలు చీర చెంగుకు తుడుచుకుని, గుడ్డ తీసుకుని మిషన్ దగ్గరికి పోయాను.