ఆళ్ళగడ్డ రోడ్డు మీద మా అన్న

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా అన్న కూతురు వచ్చి నా ముసుగు లాగేసి, చిన్నాయనా, ఈరోజు ఆళ్ళగడ్డ దాకా సైకిలు తొక్కాల, నువ్వు నీళ్ళ సీసాలు పెట్టుకొని స్కూటరు మీద నా ఎనకాల రా అని పురమాయించింది. నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే పిల్ల, ఈ యేడు చివర ఏదో సముద్రతీరంలో జరిగే పెద్ద పోటీకి సిద్ధమవుతోంది. ట్రయథ్లాన్ అంటారు దాన్ని. ముందు సముద్రంలో ఈత, ఒడ్డుకు చేరగానే తడి బట్టలతోనే సైకిలు, సైకిలు దిగగానే పరుగు, పొద్దు పొడవక ముందు మొదలుపెడితే పొద్దు గుంకే దాకా సాగే వ్యవహారం. ఇందులో గెలిస్తే ఏమొస్తుందమ్మా అని మా ఆవిడ అడిగితే, చివరిదాకా పోతే చాలు పిన్నమ్మా, గెలిచినట్టే అని నవ్వుతుంది.

అరవై దాటిన నేను ఆ పిల్ల వెనకాల స్కూటరు తోలుకుంటూ, నాలుగు వరసల రోడ్డు మీద శిరివెళ్ళ దాటి, కాలువ మీది వంతెన దగ్గరికి వచ్చేసరికి, అది సైకిలు ఆపి, చెమట తుడుచుకుంటూ, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగింది.

"చిన్నాయనా, నాయనను నరికింది ఈడనేనా?"

ఎవరు చెప్పారో నాకు తెలియదు. వాళ్ళ నాయన చెప్పి ఉండడు. అవునని తల ఊపి, నీళ్ళ సీసా అందించాను. మా తరంవాళ్ళకు ఆ రోజుల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజంతా మనసులో తిరిగినదాన్ని రాసి పెట్టాలనిపించింది.

మా నాయన ఆళ్ళగడ్డలో రాతి శిల్పి. రోడ్డు పక్కన తాటాకుల పందిరి కింద మా కార్ఖానా, పగలంతా ఉలి చప్పుడు, గాలి వీస్తే రొట్టెల మీద కూడా రాతిపొడి. పందిరికి ఒక పక్క వినాయకులూ ఆంజనేయస్వాములూ ఉంటే, రెండో పక్క మనుషుల బొమ్మలు ఉండేవి, మీసాలు తిప్పిన ముఖాలు, భుజాన తువ్వాలు. అవన్నీ చంపబడినవాళ్ళవి. వర్గాల పగల్లో పోయినవాడి బొమ్మను ఊరి మొదట్లో నిలబెట్టడం అప్పటి ఆచారం. ఫోటో ఒకటి తెచ్చి ఇచ్చి, కళ్ళు మాత్రం కోపంగా ఉండాలని చెప్పి పోయేవాళ్ళు. ఆ ముఖాల మధ్యనే కూర్చొని మేము జొన్నరొట్టె తిన్నాం, లెక్కలు చేసుకున్నాం. జీపు చప్పుడు వినబడితే అమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టేది. ఒకసారి సంతలో బాంబు పడ్డప్పుడు, పారిపోతున్న జనంలో ఒక మనిషి తెగిన తన చేతిని తానే పట్టుకొని మా పందిరి ముందు నుంచి నడిచిపోవడం చూశాను. అతను అరవలేదు. అదే నాకు ఇప్పటికీ అన్నిటికన్నా భయం కలిగించే జ్ఞాపకం.

అటువంటి ఊళ్ళో మా అన్న పరిగెత్తేవాడు. ఎందుకంటే అతనికి ఇష్టం గనుక. బడిలో డ్రిల్లు మాస్టారు ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి, ఈతా సైకిలూ పరుగూ కలిపిన పోటీ ఒకటుందనీ, మద్రాసులో కూడా పెట్టబోతున్నారనీ చెప్పిన నాటినుంచి అన్నకు వేరే లోకం లేకపోయింది. తెల్లవారి అహోబిలం రోడ్డున పరుగు, పగలు నాయనతో పాటు రాళ్ళు మోయడం, సాయంత్రం కాలువలో నీటికి ఎదురు ఈత. నేను అప్పుడే నంద్యాలలో పత్తి మిల్లులో గుమాస్తాగా చేరి ఒక చిన్న గదిలో ఉండేవాణ్ణి. ప్రతి ఆదివారం అన్న ఆళ్ళగడ్డ నుంచి సైకిలు మీద నా గదికి వచ్చి, అమ్మ కట్టిచ్చిన రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నా ముందు పెట్టి, గంగాళమంత నీళ్ళు తాగి, తిరిగి సైకిలు మీదే పోయేవాడు. చెప్పులు లేని ఆ కాళ్ళు చూసి మిల్లులోని వాళ్ళు నవ్వితే అన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. అంత మంచి నవ్వు నేను మళ్ళీ చూడలేదు.

ఒక రోజు కోయిలకుంట్ల వైపు ఊరి పెద్దాయన ఒకరు, చంపబడిన తమ్ముడి బొమ్మ చెక్కించడానికి రెండు జీపుల్లో మా కార్ఖానాకు వచ్చాడు. సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను. నాయన చేతులు కట్టుకొని నిలబడి ఉండగా, అన్న పరుగు ముగించుకొని, ఒంటి నిండా చెమటతో పందిరి కిందికి వచ్చాడు. పెద్దాయన అతన్ని పైనుంచి కిందిదాకా, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు.

"ఎవుర్రా వీడు?"

"మా పెద్దోడప్పా" అన్నాడు నాయన.

"యాడ్నుంచి పరిగెత్తుకొని వస్తాండావ్ రా? ఎవురన్నా తరుముకున్న్యారా?"

ఆయన మనుషులు నవ్వారు. అన్న కూడా నవ్వి, "లేదప్పా, ఊరికే. మద్రాసులో పోటీ ఉండాది" అన్నాడు.

"ఊరికే ఎవుడన్నా పరిగెత్తుతాడా? ఇట్లాంటోడు నా జీపులో ఉండాల. రేపట్నుంచి వచ్చెయ్."

నాయన ముఖం పాలిపోయింది. అన్న తలవంచుకొని, కానీ గొంతు వణక్కుండా చెప్పాడు.

"నాతో కాదప్పా. ఒకరి మీద చెయ్యెత్తే మనిషిని కాదు నేను."

పందిరి కింద ఉలి చప్పుళ్ళు ఆగిపోయాయి. ఆయన కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పెద్దగా నవ్వి, అన్న భుజం మీద చెయ్యి వేసి, నడిపించుకుంటూ రోడ్డు దాకా తీసుకుపోయి, మనసు మారితే రా అని చెప్పి జీపు ఎక్కాడు. అంతే జరిగింది. అయితే రోడ్డు మీద పోయేవాళ్ళు చూసింది ఆ భుజం మీది చేతిని మాత్రమే. అన్న కాదన్న మాట పందిరి దాటి బయటికి రాలేదు. శిల్పి కొడుకు ఫలానా వర్గంలో చేరాడన్న మాట మాత్రం అవతలి వర్గం ఊళ్ళ దాకా పోయింది, అన్న ప్రతి ఆదివారం సైకిలు తొక్కే రోడ్డు ఆ ఊళ్ళ మీదుగానే పోతుంది.

ఆ తరువాత వచ్చిన ఆదివారం, సెలవు అయిపోయి నేను నంద్యాలకు బస్సెక్కేటప్పటికి అన్న ఎప్పటిలాగే సైకిలు మీద ముందే బయలుదేరి ఉన్నాడు. ముందు రోజు వాన పడి పొలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కాలువ వంతెనకు కొంచెం ఇవతల మా బస్సు ముందు పెద్ద చప్పుడైంది, అద్దాలు గలగలలాడాయి, రోడ్డు మీద తెల్లటి పొగ లేచింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. పొగ పలచబడగానే రోడ్డు మధ్యలో చక్రం వంకరపోయిన సైకిలు కనిపించింది, అది మాదే.

అన్న చేలోకి దిగి పరిగెత్తుతున్నాడు. వెనకాల ముగ్గురు, చేతుల్లో వేటకొడవళ్ళు. మామూలు నేల మీద అయితే ఆ ముగ్గురూ అన్న నీడను కూడా అందుకోలేరు. కానీ అది తడిసిన నల్లరేగడి. అడుగు వేస్తే మన్ను కాలికి పట్టుకుంటుంది, మళ్ళీ వేస్తే ఇంకా పట్టుకుంటుంది, చూస్తుండగానే పాదాలు బండరాళ్ళంత అవుతాయి. అన్న పరుగు నడక అయింది, వాళ్ళు మాత్రం చేను గట్టు మీదుగా వచ్చి అందుకున్నారు. నేను బస్సులో నుంచి దూకబోతే కండక్టరు నా నడుం పట్టుకొని వదలలేదు, పోతే నువ్వు గూడా సస్తావ్ రా అంటూ. కిటికీలో నుంచి చూశాను. మొదటి వేటు వీపున పడింది, అన్న ఆగలేదు. రెండో వేటు ఎడమ మోకాలి మీద పడింది. ఆ దెబ్బ చప్పుడు నాకు బస్సులోకి వినబడిందని ఇప్పటికీ అనుకుంటాను, అంత దూరం నుంచి వినబడే అవకాశం లేదని తెలిసి కూడా. కింద పడిన మనిషి చేతులతో పాక్కుంటూ పోయి, మూడో వేటు పడేలోగా కాలువలోకి దొర్లిపోయాడు.

కాలువ నిండుగా పారుతోంది. ఆ ముగ్గురూ గట్టు మీద నిలబడి, తల పైకి లేస్తే వేయడానికి రాళ్ళు పట్టుకొని చూశారు. తల లేవలేదు. నీళ్ళు ఎర్రబారాయి. వాళ్ళు చచ్చినాడనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇంతలో అవతలి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కేకలు వేస్తూ లేచి గట్టుకు పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళు తోటల్లోకి పారిపోయారు. నేను కండక్టరు చెయ్యి కొరికి దిగి పరిగెత్తాను. వంతెన అవతల, నీళ్ళ అడుగునే కొట్టుకుపోతూ ఈదుకుంటూ వచ్చిన అన్నను ఆ ఆడవాళ్ళు అప్పటికే గట్టుకు లాగారు. మోకాలి చిప్ప రెండుగా విడిపోయి లోపల ఎముక తెల్లగా కనిపిస్తోంది. వాళ్ళలో పెద్దామె తన కొంగు చించి, తొడ పైన బిగించి కట్టింది. బస్సులో ఎక్కించుకోనని డ్రైవరు మొరాయిస్తే ఆమే పోయి ముందు చక్రం దగ్గర నేల మీద పడుకుంది.

"ఎక్కిచ్చుకోకపోతే నా మీంద తోలుకొని పో. నువ్వు మనిషివేనా?"

డ్రైవరు తలుపు తెరిచాడు. నంద్యాల చేరేదాకా అన్న తల నా ఒళ్ళో ఉంది. బస్సు అడుగంతా నెత్తురు, ఆ నెత్తురులో మా కాళ్ళు జారుతున్నాయి.

నంద్యాల ఆసుపత్రి నుంచి కర్నూలుకు మార్చారు. కాలు తీసెయ్యాలన్నారు, తరువాత వద్దన్నారు. నాలుగో రోజో అయిదో రోజో పెద్దాయన మనుషులతో వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. అన్న తన మనిషి కాకపోయినా, తన మనిషి అనుకొని కొట్టారు గనుక అది తన పరువు సంగతి అయిపోయింది.

"ఎవురో చెప్పు. పేరు చెప్తే చాలు, తక్కింది మేము చూసుకుంటాం."

"మొగాలకు గుడ్డలు కట్టుకున్న్యారప్పా. కనపల్యా" అన్నాడు అన్న.

అది అబద్ధం, పేరు మాకు ముందే చెప్పి ఉన్నాడు. మోకాలి మీద నరికినవాడు ముఖానికి ఏమీ కట్టుకోలేదు. బడిలో అన్నతో పాటు చదివి, రిలే పరుగులో అన్న చేతికి కర్ర అందించినవాడు. పెద్దాయన వెళ్ళిపోయాక మా నాయన, జీవితంలో గొంతు పెంచి ఎరుగని మనిషి, మంచం పట్టె మీద గుద్ది ఏడ్చాడు.

"ఎందుకు చెప్పల్యారా? నా కొడుకును నరికినోడు తలెత్తుకొని తిరగాల్నా? నువ్వు చెప్పకుంటే నేనే ఉలి తీసుకొని పోతా."

"పోలీసోళ్ళకు చెప్తా నాయనా. వాళ్ళకు చెప్తే వాడొక్కడు జైలుకు పోతాడు. ఈయప్పకు చెప్తే వాళ్ళ ఊరు కాల్తాది. ఆ ఊర్లో గూడా నా మాదిరి ఊరికే పరిగెత్తేటోడు ఎవుడో ఒగడుంటాడు గదా."

చెప్పినట్టే చెప్పాడు. ఆ రోజుల్లో పోలీసులకు పేరు చెప్పడం రెండు వర్గాలకూ అవమానమే. తనకు చెప్పని పేరు స్టేషనులో చెప్పాడని తెలిసి పెద్దాయన మనుషులు వచ్చి మా పందిరిలో గునపాలతో బొమ్మలన్నీ పగలగొట్టారు, దేవుళ్ళనూ వదలలేదు. అడ్డుపోయిన నాయన ముంజేయి విరిచారు. అవతలివాళ్ళు ఇంటి మీద బాంబు వేస్తే వంటగది గోడ కూలింది, అమ్మకు ఒక చెవి వినికిడి పోయింది. మేము ఆళ్ళగడ్డ వదిలి నంద్యాలలో నా చిన్న గదికి చేరాం. అన్న మాత్రం మాట మార్చుకోలేదు. కొన్నేళ్ళకు కోర్టులో కేసు విచారణకు వచ్చినప్పుడు చంకలో కర్రతో పోయి, ముఖాముఖి వేలు చూపించి చెప్పాడు. బస్సులో ఉన్నవాళ్ళలో నేను తప్ప ఎవరూ రాలేదు. కొంగు చించి కట్టిన పెద్దామె వచ్చింది. చూసినా సామీ, ఈ కండ్లతోనే చూసినా అని బోనులో నిలబడి చెప్పింది. మోకాలు నరికినవాడికి శిక్ష పడింది. మిగతా ఇద్దరూ బయటపడ్డారు.

పెద్దాయన కూడా చివరికి అదే విధంగా పోయాడు, ఒక పెళ్ళికి పోయి వస్తుండగా. ఆయన కొడుకులు ఫోటో తీసుకొని నంద్యాలలో మా నాయనను వెతుక్కుంటూ వచ్చారు. అతుక్కున్న వంకర చేతితో నాయన ఆ ఫోటోను చాలాసేపు చూసి, నేను మనుషులను చెక్కడం మానుకున్న్యానప్పా అని మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

అన్న మద్రాసు పోలేదు. మళ్ళీ పరిగెత్తనూ లేదు. ఆ కాలు సగమే వంగుతుంది. కట్లు విప్పిన వేసవి దాటి కాలువకు నీళ్ళు వదిలిన రోజున పోయి అందులో దిగాడు, ఇప్పటికీ దిగుతాడు. పిల్లకు ఈత నేర్పింది ఆయనే. గట్టు మీద నడిచేటప్పుడు కుంటే మనిషి నీళ్ళలో పడగానే మళ్ళీ పాతికేళ్ళవాడవుతాడు.

ఆ ఆదివారం మేము ఆళ్ళగడ్డ చేరేసరికి ఎండ ముదిరింది. మా పందిరి ఉన్న చోట ఇప్పుడు సెల్ ఫోన్ల దుకాణం ఉంది. దారిలో ఊళ్ళ మొదట్లో ఆ పాత బొమ్మలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి కింద ఆటోలకోసం నిలబడ్డ పిల్లలకు ఆ మీసాల మనుషులెవరో తెలియదు, తెలియకపోవడమే మంచిదని కూడా నాకనిపిస్తుంది. అంత నెత్తురు ఎందుకు పారిందో అప్పుడు మాకూ తెలియదు, ఇప్పుడు అడిగితే చెప్పగలిగేవాళ్ళూ లేరు. వయసు పెరిగినకొద్దీ నన్ను బాధపెట్టేది చనిపోయినవాళ్ళ సంగతి కంటే, వాళ్ళ మధ్య బతికిన మా బోటివాళ్ళ ఒంట్లోని బలం సంగతి. ఆ కాలంలో బలమున్న కుర్రవాడు ఎవరో ఒకరివాడై ఉండాలి. తనకోసం తానే బలంగా ఉండే హక్కు వాడికి లేదు. ఇప్పుడు ఈ పిల్లను, నువ్వు ఎవరి మనిషివని ఆ రోడ్డు మీద ఒక్కరూ అడగలేదు. ఎవరో ట్రాక్టరు మీద నుంచి చెయ్యి ఊపారు, అంతే.

మజ్జిగ తాగి, తిరిగి నంద్యాలకు బయలుదేరుతూ పిల్ల, ఎండకు నువ్వు అలసిపోయినావ్, నేనొక్కదాన్నే పోతా, నిదానంగా రా చిన్నాయనా అంది. సరే పో అన్నాను. అది వంచిన తల ఎత్తకుండా తొక్కుకుంటూ లారీల మధ్యలో కనుమరుగైంది. ఆ రోడ్డు మీదికి మా ఇంటి మనిషిని ఒంటరిగా పంపి, నేను హోటలు బల్ల మీద కూర్చొని నింపాదిగా ఒక టీ తాగాను. టీ అయిపోయాక గానీ, ఈసారి నాకు భయం వేయలేదన్న సంగతి నాకు తట్టలేదు.