వాన రాగంలో రైలు కూత

ముందే చెప్తున్నాను, నేను ఏనుగుని చూశానంటే మా ఇంట్లోవాళ్లు పిల్లి కోసం వెతుకుతారు. మీరూ అలాగే చదవండి. ఏది కల్పించానో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

కిందటి వానాకాలం మా అమ్మాయి స్కూలువాళ్లు పిల్లల్ని జగదల్‌పూర్‌లో శాస్త్రీయ సంగీత కచేరీకి తీసుకెళ్లారు. అడవి మీదా వాన మీదా రాగాలట. తోడుకి ఒక తండ్రి కావాలన్నారు. తక్కిన తండ్రులందరికీ సరిగ్గా ఆ రోజే మా కాలనీ పక్క ఇనుప గనిలో డ్యూటీ పడింది. నేను దొరికిపోయాను.

బయల్దేరుతుంటే అమ్మ పులిహోర డబ్బా చేతికిస్తూ అడిగింది.

"అడివి పాటలంతన్నారు. అందులో రైలు కూతుంటాదేటి?"

"అడవి పాటల్లో రైలెందుకే?"

"రైలు కూత లేకపోతే అది మన అడివేట్రా?"

నవ్వేశాను గానీ ఎందుకడిగిందో తెలుసు. మా నాన్న ఇనుప రాయి గూడ్సు నడిపేవాడు. ఇంటికొచ్చే రోజు కాలనీ ముందు మలుపులో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. అది వినే అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. కొండ మీది కోతులు సైతం ఆ కూతకి పంక్తిలో కూర్చునేవి. నాన్న పోయి నాలుగేళ్లు. గూడ్సులు ఇప్పటికీ కూస్తూ పోతాయి, అలా మాత్రం ఎవరూ కూయరు. సాయంత్రం ఎసరు మరుగుతున్నా, అమ్మ కడిగిన బియ్యం గిన్నె ఒళ్లో పెట్టుకుని కాసేపు అలా కూర్చునే ఉంటుంది.

ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు తిన్న పులిహోర సగం బస్సు కిటికీల్లోంచి అడవికే చేరింది. హాల్లో గాయని తంబూరా శ్రుతి చేసుకునేలోపు బయట ఒక పంట కోతకొచ్చింది. తర్వాత ఆవిడ కింది స్వరాల్లో మెల్లగా మబ్బులు కమ్మించింది.

వెనక నుంచి ఓ పిల్లాడు, నిజంగానే వాన పడుతుందా అని, "అంకల్, సచ్ మే బారిష్ హోగీ క్యా?"

"హోగీ బేటా, ఛాతా నికాలో," అన్నాను, గొడుగు తీయమని.

మా అమ్మాయి నా చెవిలో, "నాన్నా, ఆవిణ్ణి ఆపమను. మామ్మ చీరలు దండెం మీదున్నాయి."

కోయిల వచ్చింది, నెమలి వచ్చింది, తబలాలో ఉరుము వచ్చింది. చివరికి గాయని ఒక స్వరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అప్పుడు బయట ఎక్కడో గూడ్సు కూసింది. ఒక పొడుగు, రెండు పొట్టి. ఆవిడ కళ్లు తెరిచి నవ్వి, ఆ కూతనే అందుకుని పాట ముగించింది.

చీకటి పడేవేళకి ఇల్లు చేరాం. అమ్మ ఒళ్లో గిన్నెతో ఉంది. జరిగింది చెప్పాను.

"ఎలగ కూసిందిరా?"

నోటితో కూసి చూపించాను. మా అమ్మాయి నా వంక చూసింది.

"రెండో పొట్టి కూత ఇంకా తొందరగా ఉండాల," అంది అమ్మ. "మీ నాన్నకి ఆకలెక్కువ."

లేచి ఎసట్లో బియ్యం పోసింది. ఇంకో గుప్పెడు తెచ్చి మళ్లీ పోసింది.

ఇక మాటిచ్చాను గనక. కోతుల సంగతి నిజమే. గూడ్సు ఒక్కటే రాలేదు. గాయని ఆ పొడుగు స్వరం పట్టుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, దాని వెనక రెండు పొట్టి కూతల కోసం చూశాను. వాటి బదులు చప్పట్లు వచ్చాయి.