టేకాకు ఆపిన కరెంటు

మా ఆవిడకు ఉబ్బసం. రోజూ మిషను పెట్టుకుని మందు పీల్చాలి. చండ్రుగొండ అవతల అడవిలో ఉన్న ఆమె పుట్టింటికి అప్పట్లో కరెంటు లేదు. అందుకే ఏళ్లుగా వెళ్లలేకపోయింది. నా ఐదో తరగతి చదువుతోనే పుస్తకాలు చూసి, పాత వ్యానులో మంచం వేసి, పైన సోలార్ పలక, లోపల బ్యాటరీ బిగించి ఆమెను తీసుకెళ్లాను.

మూడో రోజు మధ్యాహ్నం, మందు పీలుస్తుండగానే మిషను ఆగిపోయింది. వెంట వచ్చిన ఇంజనీరు అల్లుడు వైర్లన్నీ పీకి చూసి, పుట్టింటివాళ్లందరి ముందూ అన్నాడు:

"చెప్తే ఇన్నవా మామా? గిది నీతోని అయ్యే పనేనా? ఇంటికి పోదం."

"అవ్, పోదం తియ్యి," అంది మా ఆవిడ, తల వంచుకుని.

నాకు ఒళ్లు మండింది. వ్యాను పైకెక్కాను. పలక మీద చేటంత టేకాకు, రాత్రి మంచుకు తడిసి అలాగే అతుక్కుపోయి ఉంది! తీసి చూపించాను.

"ఒక్క ఆకుకేనా?" అన్నాడు అల్లుడు.

"సైకిల్ చైనుల ఒక్క లింకు తెగితే బండి నడుస్తదా, ఇంజనీరు సారూ?"

అందరూ గొల్లున నవ్వారు. వైర్లు మళ్లీ బిగించి, గంటసేపు ఎండ తగిలి బ్యాటరీ ఎక్కాక మిషను గుర్రుమంది. మా ఆవిడ పుట్టింట్లో ఇంకో వారం ఉంది.

చదువు వద్దని నేననను. చదివినవాళ్లు కూడా ఒకసారి పైకెక్కి చూడాలంటాను.