మడమతో వెతికిన గుల్లలు

ఆ ఆదివారం పోయినవి ఇవి: రెండు ప్లాస్టిక్ బకెట్లు, బావ చేతి గడియారం, నా భార్య చెప్పులు, తక్కువలో తక్కువ మూడు కిలోల గుల్లలు. తూకం వేయలేదు. బకెట్‌కు ఎన్ని పడతాయో నాకు తెలుసు.

మేం బెంగాలీల మధ్య, షాలిమార్‌లో ఉంటాం. మా బజారులో తినే గుల్లలు అమ్మరు. నాంఖానా దాటాక, నది సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీద దొరుకుతాయని విన్నాం. పడవ తప్ప దారి లేదు. నా భార్య, ఆమె అన్న అయిన మా బావ, నేను పడవ మాట్లాడుకుని వెళ్లాం.

బావ భీమిలిలో పెరిగాడు. అక్కడ తడి ఇసుకలో మడమ నాటి అటూ ఇటూ తిప్పుతారు. గుల్ల కాలికే తగులుతుంది. ఇక్కడా అలాగే వెతికి బకెట్లలో వేస్తూ నీటి అంచుకు పోయాడు. అక్కడ పైన ఇసుక, కింద నది తెచ్చిన బురద. మేం పరుగెత్తుకెళ్లేసరికి తొడల దాకా దిగిపోయాడు. పోటు మొదలైంది.

చెరొక చేయి పట్టి లాగాం. మా కాళ్లే దిగబడ్డాయి. నీరు బావ చొక్కా కింది గుండీని తాకింది. ఒక్కో గుండీ మునగడానికి ఎంతసేపు పడుతోందో ఆయన గడియారంలోనే చూశాను.

"ఏటి బావా, లెక్కలేస్తన్నావా? ఎంత టైముందేటి?" అని బావ నన్నడిగాడు.

"ఇరవై నిమిషాలు," అన్నాను. రెండో గుండీకి మొదటిదానిలో సగం సమయమే పట్టిందని చెప్పలేదు.

"ఆదోరం సర్చి మానేసొచ్చినందుకు బాగానే అయింది నాకు."

"నోర్ముయ్ అన్నియ్యా. కదిలితే ఇంకా దిగిపోతావు," అంది నా భార్య. పడవ వైపు చున్నీ ఊపుతూనే ఉంది.

పడవవాడు దూరంలో లంగరు లాగుతున్నాడు. అదీ ఆ బురదలోనే ఇరుక్కుంది. రెండుసార్లు లాగి చూసి, కత్తి తీసి తాడు కోసేశాడు. గడవేసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"శుయే పొడో దాదా," అన్నాడు, వెనక్కి పడుకోమని చేత్తో చూపిస్తూ.

"పడుకుంటే మునిగిపోనేటి?"

నా భార్య ఆయన తల కింద చేయి పెట్టి గడ్డం పైకెత్తి పట్టుకుంది. పడవవాడు వీపు కిందికి గడ తోశాడు. నేను బురదలోకి చేతులు దూర్చి మోకాలి చుట్టూ తవ్వాను. ఒక కాలు వచ్చింది. రెండోది వచ్చేసరికి నీరు బావ చెవుల్లోకి పోతోంది. బకెట్లు, చెప్పులు ఎటు కొట్టుకుపోయాయో, గడియారం ఎప్పుడు జారిపోయిందో ఎవరూ చూడలేదు.

రేవులో డబ్బిస్తే పడవవాడు తీసుకోలేదు. తెగ్గోసి వదిలేసింది వాళ్ల నాన్న కొట్టించిన ఇనప లంగరట. అంత బరువుదే ఇంకొకటి తెచ్చిమ్మన్నాడు. వచ్చే ఆదివారమే తెస్తామన్నాం. నా భార్య మమ్మల్నిద్దరినీ మళ్లీ ఆ రేవుకు వెళ్లనివ్వలేదు.

పడవవాడికి ఇంకా బాకీ, పదకొండు కిలోల ఇనుము.