పెట్టెలో రివాల్వర్

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఇల్లు కొన్నాక దొంగల భయం పట్టుకుని రివాల్వర్ కొందామనుకున్నాను. మూడు నెలలు ఎక్సెల్ షీట్‌లో పోల్చి పోల్చి, పొట్టి గొట్టం, లావు తూటా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. పేలిస్తే చెయ్యి అదిరిపోతుందని షాపతను హెచ్చరించాడు. కానీ జేబులో ఇమడాలి, దొంగ జడవాలి. నా షీట్‌లో ఆ రెండింటికే ఎక్కువ మార్కులు. ఎవరికీ తెలియకుండా మంచం పక్కన, నంబరు తాళం ఉన్న పెట్టెలో దాచాను.

తర్వాత ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. వచ్చినవాళ్లకి కొత్త ఇల్లంతా చూపించకపోతే మనలో మర్యాద కాదు. బేస్‌మెంట్, పూజగది, బట్టల అలమర చూపించిన ఊపులో ప్రతి కుటుంబానికీ ఆ పెట్టె కూడా తెరిచి చూపించాను.

నెల తిరక్కుండానే తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో, ముక్కూ మొహం తెలియని ఒకాయన పులిహోర వడ్డించుకుంటూ పలకరించాడు.

"గన్ బాక్స్‌కి పెళ్లిరోజు నంబర్ పెట్టుకుంది మీరేనా అండీ? అది సేఫ్ కాదు, చేంజ్ చేసెయ్యండి."

నా ఇంటి సంగతి చెప్పడానికి ఈయనెవరని ఒళ్లు మండింది. అయినా మాట నిజమే. ఇంటికి రాగానే నంబరు మార్చేశాను. ఆ పాట్‌లక్ వాట్సాప్ గ్రూపులో ఆయన్ని వెతికి పట్టుకుని, కొత్త నంబరు పంపి, ఇదైనా సేఫేనా అని అడిగాను.