ఎండబెట్టిన ముఖం

పదిహేడేళ్ల పిల్లకు మొటిమలు వచ్చాయంటే ఎవరైనా నవ్వుతారు. ఆ వయసులో రాక ఇంకెప్పుడు వస్తాయంటారు. మా అమ్మాయికి వచ్చినప్పుడు నేనూ అలాగే నవ్వాను. కానీ ఇవి ఒకటీ అరా కాదు. బుగ్గలు, గడ్డం, నుదురు అంతా ఎర్రగా గడ్డలు కట్టి, దిండు తగిలినా నిద్రలోంచి లేచి కూర్చునేంత నొప్పి. ప్లస్‌టూ పరీక్షలు అయ్యేసరికి అది అద్దం ముందుకు వెళ్లడమే మానేసింది. విరుదునగర్‌లో కాలేజీ సీటు వచ్చిన రోజు సంతోషపడుతుందనుకుంటే, "ఈ మొగం పెట్టుకోని నేను యాడికీ పోనుమా" అని గోడవైపు తిరిగి పడుకుంది. జూన్‌లో కాలేజీ తెరుస్తారు. ఆలోగా ముఖం బాగుపడకపోతే దాని చదువు అక్కడితో ఆగిపోతుందని నాకు తెలుసు. అది మాట మీద నిలబడే పిల్ల, ఆ మొండితనం నాదే.

నేను కోవిల్‌పట్టిలో కడలమిట్టాయి తయారుచేసే చోట పనిచేస్తాను. బెల్లంపాకంలో వేరుశనగ గుళ్లు కలిపి, పలకలుగా కోసి, పొట్లాలు కట్టడం మా పని. అక్కడ పనిచేసే ఆడవాళ్లలో చర్మవైద్యం తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఒకామె వేపాకు అంది, ఒకామె పళ్లు తోముకునే పేస్టు రాయమంది. ఆ తమిళ ఊళ్లో ఉన్న మా తెలుగువాళ్లలోనే ఇంకొకామె, "మిట్టాయి ఇంటికి మోసకపోయి మేపింటావు, ఇంకేమయితాది" అని తేల్చేసింది. మా పిల్లకు ఆ పాకం వాసనంటేనే కడుపులో తిప్పుతుంది. చెప్పినా ఎవరు నమ్ముతారు? నేను అవన్నీ రాయలేదు గానీ, పిల్లే ఫ్యాన్సీ స్టోర్‌లో ఏదో స్క్రబ్బు కొనుక్కొచ్చి బరబరా రుద్దుకుని రెండింతలు చేసుకుంది.

చివరికి విరుదునగర్‌లో ఉన్న చర్మం డాక్టరు దగ్గర చూపించాలని అనుకున్నాం. డాక్టరు రమ్మన్న రోజే మాకు పెద్ద ఆర్డరు పడింది, సెలవు దొరకలేదు. మా ఆయన లారీ తోలుతూ ఉత్తరాదిన ఎక్కడో ఉన్నాడు. అందుకని మా అత్త పిల్లను వెంటబెట్టుకుని బస్సెక్కింది. సాయంత్రం చిన్న ట్యూబు ఒకటి పట్టుకుని వచ్చారు. విటమిన్ ఏ జాతి మందట. రాత్రిపూట శనగగింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలట. మొదట్లో చర్మం పొట్టు లేస్తుంది, భయపడొద్దు అన్నాడట. దాంతోపాటు ఘాటు లేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఒకటి మీకు కుదిరింది కొనుక్కోండి, వాసన లేనిదై ఉంటే చాలు అన్నాడట.

'మీకు కుదిరింది' అన్న మాటంత బరువైనది ఇంకోటి లేదని మరునాడు మందుల షాపులో తెలిసింది. షాపతను వరసగా ట్యూబులు పరిచాడు. మంచివి మాకు అందేవి కావు. అందేవాటికి గులాబీ వాసన, నిమ్మ వాసన, మల్లె వాసన. వాసన లేని క్రీము అడిగితే అతను నన్ను ఉప్పులేని ఊరగాయ అడిగినట్టు చూశాడు. పిల్ల ఒక్కో డబ్బా వెనక్కి తిప్పి చీమతలంత ఇంగ్లీషు అక్షరాలు చదివి, "ఇందుల వాసన ఉండాది" అని పక్కన పెట్టేసేది. వెనకాల జనం నిలబడ్డారు. నాకు చెమటలు పట్టాయి. ఆఖరికి కింది అరలోంచి పసిపిల్లలకు వాడే సాదా లోషన్ ఒకటి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. సన్‌స్క్రీన్ తర్వాత చూద్దాం, ఇంట్లో ఉండే పిల్లకు ఎండేం తగులుతుంది అనుకుని వచ్చేశాం.

ఇక్కడ మా మాట గురించి కాస్త చెప్పాలి. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. డాక్టరు తమిళంలో, "ముగత్తె నల్లా కాయవెచ్చిట్టు పోడు" అన్నాడు. కడిగిన ముఖం తడి పూర్తిగా ఆరాక మందు రాయమని ఆయన ఉద్దేశం. మా అత్త దాన్ని తిరుగు బస్సులోనే తెలుగు చేసేసుకుంది. "మొగము బాగ ఎండబెట్టి మందు పూయల్లంట" అని ఇంటికొచ్చి నాకూ చెప్పింది. నేనూ తలూపాను. ఆరబెట్టడం అనే మాట మా ఇళ్లలో ఎవరూ వాడరు. ఉతికిన బట్టలైనా, మిరపకాయలైనా, ఎండబెట్టడమే. మా కరిసల్ నేలలో, అంటే నల్లరేగడిలో, తడి పోవాలంటే ఎండ తప్ప ఇంకో దారి మేమెరుగం. పైగా మొటిమలు ఎండిపోవాలనే కదా పిల్ల రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది!

నేను తెల్లవారగానే పనికి పోయి చీకటిపడ్డాక వస్తాను. రాత్రి దీపం వెలుతురులో పిల్ల ముఖం ఎర్రగా, పొట్టు లేచి కనిపించేది. డాక్టరు ముందే చెప్పాడు కదా, మందు పనిచేస్తోంది అనుకున్నాను. ఒకరోజు బెల్లం లారీ రాక పని ఆగిపోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. మేడ ఎక్కి చూస్తే, ఒకవైపు మిరపకాయలు పరిచి ఉన్నాయి. వాటి పక్కన చాప మీద నా కూతురు, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని, ముఖం సూర్యుడికి అప్పగించి పడుకుని ఉంది. మా అత్త అదే ఎండలో దానికి తోడు కూర్చుని మిరపకాయలు తిరగేస్తోంది.

"ఏం చేస్తాండారు?" అని అరిచాను.

"డాక్టరు చెప్పింది చేస్తాండాము, పగలు ఎండబెడితేనే గదా రాత్రి మందు పట్టేది. ఇంగ కొంచెంసేపు ఆ పక్క తిప్పితే అయిపోతాది" అంది అత్త, నన్ను చూసి గర్వంగా నవ్వుతూ.

పిల్ల గుడ్డ తీసి లేచింది. బుగ్గలు కాలిన దోసెలా పగిలి, చీలికల్లో నీరు ఊరుతోంది. "మంట్లేస్తాందిమా. అయితే ఎండిపోతాండాయి గదా?" అని అడిగింది. ఎంత ఆశగా అడిగిందో! నాకు ఏడుపొచ్చింది. అత్తను తిడదామని నోరు తెరిచాను, తిట్టలేకపోయాను. ఆ వయసులో ఆమె ఆ ఎండలో ఎవరికోసం కూర్చుంది?

మర్నాడు జీతం పోతే పోయిందని నేనే విరుదునగర్ తీసుకెళ్లాను. ఈ మందు రాసేవాళ్లు ఎండలోకే వెళ్లకూడదని, చర్మం మామూలుకన్నా పల్చబడి సున్నితమవుతుందని డాక్టరు తలపట్టుకున్నాడు. మందు ఆపేయమన్నాడు. మంట తగ్గాక, వారానికి రెండు రాత్రులు, ముందు లోషన్ రాసి దాని మీద మందు రాయాలన్నాడు. "ఎన్నాళ్లకు తగ్గుతుంది సార్, జూన్‌లో కాలేజీ" అన్నాను. నెలలు పడుతుందమ్మా, కాలేజీ కోసం చర్మం తొందరపడదు అన్నాడు. బయటికొచ్చి సన్‌స్క్రీన్ కొన్నాను. మాకు అందిన రకం రాస్తే పిల్ల ముఖం బూడిద పూసినట్టయింది. కాలిన చోట అదీ మండింది. కడిగేసింది. మళ్లీ ఆ పసిపిల్లల లోషన్ తప్ప ఏదీ దానికి పడలేదు.

ఇక నాకు చేతనైంది ఒక్కటే, చూడటం. పొద్దున లేవగానే దాని గడ్డం పట్టుకుని కిటికీవైపు తిప్పి, ఎన్ని తగ్గాయి, ఎన్ని కొత్తవి లేచాయి అని వెతికేదాన్ని. అత్త కూడా నా వెనక నిలబడి చూసేది. ఎండ సంగతి తెలిసినప్పటినుంచి ఆమె మేడ మీద మిరపకాయలు కూడా పరచలేదు. పిల్ల కళ్లు మూసుకుని చూపించేది.

కాలేజీ తెరిచే ముందురోజు, నేను ఏమీ అడగకుండానే, "పోతానుమా" అంది. ఎగిరి గంతేయాలనిపించింది. "అయితే ఒగటి. రేపు నువ్వు నా మొగం చూడగూడదు."

"ఏంటికి కన్నా?"

"నువ్వు చూస్తే నాకు మొటిమలు జ్ఞాపకం వస్తాయి" అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

పొద్దున జడ వేసేటప్పుడు వెనకనే నిలబడ్డాను. అన్నం డబ్బా చేతికిచ్చేటప్పుడు డబ్బానే చూశాను. బస్టాండులో దాని పక్కన నడుస్తూ ముందు పోయేవాళ్ల చెప్పులు చూస్తూ నడిచాను. విరుదునగర్ బస్సు వచ్చింది. ఎక్కుతూ "పోయొస్తాను" అంది. నేను బస్సు చక్రం వైపు తిరిగి, సరే అన్నాను. కిటికీలోంచి అది చెయ్యి ఊపిందేమో, ఏడ్చిందేమో, నవ్విందేమో. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు. నా కూతురు కాలేజీకి వెళ్లిన మొదటి రోజు దాని ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.